సహాయక కుక్క కోసం వసూలైన చందాలు, జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. వీల్‌చెయిర్‌లో ఉన్న ఒకావిడకి రోజువారీ పనుల్లో సాయం చేసే కుక్క కోసం చందాలిచ్చిన వాళ్ళు లెక్క అడుగుతున్నారు, అడగాలి కూడా, అందుకే రసీదు పుస్తకాలు, బిల్లులు ముందేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాం.

జమ అంతా చిన్న చిన్న చందాలే. పేరు చెప్పొద్దన్న వాళ్ళ డబ్బు కూడా రసీదు నంబరుతో పుస్తకంలో ఉంది.

వచ్చినదాంట్లో సగం, ఇప్పుడు పనిలో ఉన్న కుక్క పెంపకానికి, ట్రైనింగ్‌కే అయింది. అంతెందుకంటే, 8 వారాల కుక్కపిల్లని తెచ్చి ఏడాదికి పైగా ఒక ఇంట్లో పెంచుతూ జనం, మెట్లు, లిఫ్టులు, చప్పుళ్ళు అన్నీ అలవాటు చేయాలి, తర్వాత నెలల తరబడి ట్రైనర్ దగ్గర, ఆఖర్న తీసుకునే మనిషితో కలిపి మళ్ళీ కొన్ని వారాలు. పెంచిన కుటుంబం మాత్రం ఏమీ తీసుకోలేదు, మేం కట్టింది తిండి, టీకాల బిల్లులే.

ఆరో వంతు ఇంకో కుక్కపిల్ల మీద పెట్టాం, అది పనికి రాలేదు. తుంటి ఎక్స్‌రేలో కీలు సరిగా లేదని తేలింది. డబ్బు వృథా అయిందని కొందరు బాధపడ్డారు, కానీ పెద్ద ట్రైనింగ్ సంస్థల్లో కూడా అన్ని కుక్కలూ పాసవ్వవు, నొప్పితో ఉన్న కుక్క చేత ఏళ్ళ తరబడి పని చేయించడం మాకు మనసొప్పలేదు. అది పెంచిన వాళ్ళింట్లోనే హాయిగా ఉంది.

పన్నెండో వంతు పరీక్షలు, సామాన్లు. అందులో కుక్క లాగి తలుపు తెరవడానికి కట్టే తాడు, తాళాలకి తగిలించే తోలు ముక్క ఉన్నాయి, ఇనుము నోట పట్టడం చాలా కుక్కలకి నచ్చదు కాబట్టి. మొదటి వారం ఆవిడ నేర్పడానికి కావాలని తాళాలు పడేస్తే కుక్క ట్రైనర్ మొహం చూసేది, మూడో వారంలో ఒకరోజు నిజంగానే చెయ్యి జారి పడితే ఆవిడ నోరు తెరిచేలోపు ఆ తోలు ముక్క పట్టుకొచ్చి ఒళ్ళో పెట్టింది.

మిగిలింది పావు వంతు. దాంతో రెండో కుక్కని తీసుకోవచ్చుగా అంటున్నారు, తీసుకోం. ఇలాంటి కుక్క 8, 10 ఏళ్ళు పనిచేస్తుంది, ఏటా చెకప్, టీకాలు, జబ్బు చేస్తే వైద్యం, పని మానేశాక పోషణ, ఇవన్నీ ఆవిడ నెత్తిన పడితే మనం చేసింది సాయం కాదు. అందుకే ఆ డబ్బు విడిగా ఖాతాలో వేశాం, తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఇంకో కుక్కకి చందా మళ్ళీ వేరేగా మొదలుపెడతాం.

టీకా బిల్లు ఒకటి మా దగ్గర పోయింది, ఆ మొత్తం ఖర్చులో రాయలేదు, కమిటీ వాళ్ళమే మా జేబుల్లోంచి పెట్టుకున్నాం. లెక్కల పుస్తకం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఒకరోజు ముందు చెప్తే చాలు.