గెలిచిన ఆడమనిషినే కుర్చీలో కూర్చోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త సంవత్సరం కదా, రాజకీయాల్లో ఏం మారాలని కోరుకుంటున్నారని అందరూ అందరినీ అడుగుతున్నారు. నేను ఢిల్లీ గురించో హైదరాబాద్ గురించో రాయడం లేదు. మా తెలంగాణ పల్లెల్లో 2025 డిసెంబరులోనే మూడు విడతల్లో సర్పంచ్ ఎన్నికలు అయ్యాయి. పన్నెండు వేలకు పైగా పంచాయతీల్లో దాదాపు సగం సీట్లు మహిళలకు రిజర్వు. అంటే ఇప్పుడు వేలమంది ఆడవాళ్లు సర్పంచులు. 2026లో నా కోరిక ఒక్కటే, ఆ ఆడవాళ్లే సర్పంచులుగా పని చేయాలి.

ఇది కోరుకోవాల్సిన విషయమా అనిపించవచ్చు. మా ఊళ్లలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు అలా అనిపించదు. నేను పొదుపు సంఘాల లెక్కలు రాసే మనిషిని, పంచాయతీ ఆఫీసుకు తరచూ వెళ్తుంటాను. ప్రమాణ స్వీకారం రోజు ఆమె మెడలో దండ వేస్తారు, శాలువా కప్పుతారు, మరుసటి రోజు నుంచి బండి మీద ఆఫీసుకు వచ్చేది ఆమె భర్త, లేదంటే మరిది, కొన్నిచోట్ల కొడుకు. ఊరంతా అతన్నే సర్పంచ్ సాబ్ అంటుంది. అధికారుల వాట్సాప్ గ్రూపులో ఉండేది అతని నంబరే. తీర్మానాల పుస్తకం సంతకం కోసం ఇంటికి వెళ్తుంది, ఆమె వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, లోపల ఏం రాసిందో చదవకుండానే సంతకం పెట్టి పంపిస్తుంది. తర్వాత లెక్కల్లో తేడా వస్తే నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది. ఇది ఎంత అన్యాయమో ఆలోచించండి.

దీని వెనకున్న అసలు సంగతి డబ్బు అని నా నమ్మకం. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఎంత ఖర్చయిందో ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు, ఓటుకు ఇంత, మందుకు ఇంత, ఏకగ్రీవం చేయాలంటే గుడికి ఇంత అని. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు, ఐదేళ్లదీ కలిపినా నాలుగు లక్షలు కాదు. మరి భూమి తాకట్టు పెట్టి, మిత్తికి తెచ్చి పోసినవాడు ఊరికే ఉంటాడా? డబ్బు పెట్టింది నేను, కుర్చీ నాది అంటాడు. ఆమె ఎదురు మాట్లాడితే ముందు ఇంట్లోనే గొడవ. కాబట్టి ఓటుకు నోటు తీసుకున్న మనం కూడా ఆమెను ఆ వంటింట్లోనే ఉంచుతున్నాం, ఆ మాట మనం ఒప్పుకుని తీరాలి.

ఆడవాళ్లకు చేతకాదు, అందుకే మగవాళ్లు చూసుకుంటున్నారు అనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీకి 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అవార్డు వచ్చింది. ఆమె వెనక నిలబడింది పొదుపు సంఘాల ఆడవాళ్లే. అంతకు ముందు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993లో ప్రభుత్వం చేత సారాను నిషేధింపజేసింది. ఇప్పటికీ మా సంఘాల్లో లక్షల రూపాయల బ్యాంకు లోన్లు తీసుకుని, కిస్తీలు కట్టి, పైసా తేడా రాకుండా చూసేది ఆడవాళ్లే. అలాంటివాళ్లకు ట్రాక్టర్ డీజిల్ బిల్లూ మోరీల పనీ అర్థం కావంటే నేను నమ్మను.

సుప్రీంకోర్టు దాకా ఈ విషయం వెళ్లాక 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది, భార్య పదవిని నడిపే భర్తలకు గట్టి జరిమానాలు ఉండాలని అది సిఫార్సు చేసింది. జరిమానాల సంగతి తర్వాత, ముందు మండలంలో పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి చేయండి. మీటింగుకు భర్త వస్తే ఎంపీడీఓ గారు మర్యాదగా బయట కూర్చోమనాలి. గ్రూపులో ఆమె నంబరే పెట్టాలి, ఆమెకు ఫోన్ లేకపోతే ముందు అది చూడాలి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా కావాలి కదా, ఆ ఇద్దరికీ లెక్కలు చదవడం నేర్పే శిక్షణ ఒక్కరోజు భోజనాలతో ముగించకండి. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభను కూలికి పోయే ఆడవాళ్లు వచ్చే టైంలో పెట్టండి. సభలో పదిమంది ఆడవాళ్లు ఆమె వైపు కూర్చుంటే ఆమె గొంతు దానంతట అదే లేస్తుంది, మా సంఘాల్లో ఇది నేను కళ్లారా చూశాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచుల గడువు కూడా 2026లోనే ముగుస్తుంది, అక్కడి అక్కచెల్లెళ్లు ఈ మాట అభ్యర్థులను ఇప్పుడే అడగాలి. అసెంబ్లీలో, పార్లమెంటులో మూడో వంతు సీట్లంటూ 2023లో చేసిన చట్టం జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయితే గానీ అమలు కాదు. ఊళ్లో చేతికొచ్చిన సగాన్ని ఇలా వదిలేస్తే, రేపు ఎమ్మెల్యే కుర్చీ పక్కన కూడా ఒక భర్త కుర్చీ వేస్తారు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. మా ఊరి వార్త రాసేటప్పుడు మీ విలేకరి వివరణ కోసం ఫోన్ చేస్తే భర్త ఎత్తుతాడు. ఆయన మాట రాసుకోకుండా, ఆమెకు ఇవ్వమని అడగండి. ఆమె మొదట్లో తడబడవచ్చు, ఒక నిమిషం ఆగి వినండి. ఆమె పేరుతోనే అచ్చు వేయండి.

ఇట్లు,
పొదుపు సంఘం సభ్యురాలు,
నల్గొండ జిల్లా