మన తప్పులు వేరు, మీ లిస్టు వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో తికమక పెట్టే ఇంగ్లిష్ జంట పదాలంటూ పెద్ద లిస్టు వేశారు. నాకు హన్మకొండలో చిన్న డీటీపీ, జిరాక్స్, ఫ్లెక్స్ దుకాణం ఉంది. ఆ పేజీ కత్తిరించుకుని లామినేషన్ కోసం ఒక్క రోజులోనే ఐదారుగురు పిల్లలు వచ్చారు, అంటే అవసరం ఉన్నట్టే కదా. మెషిన్ వేడెక్కేలోపు నేనూ మొత్తం చదివాను. తప్పులేం లేవు. కానీ అది మన పిల్లల కోసం రాసింది కాదండీ, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుకునే పిల్లల కోసం ఎక్కడో రాసిన దాన్ని తెచ్చి, పక్కన తెలుగు అర్థాలు పెట్టినట్టుంది.

సన్ అంటే సూర్యుడా కొడుకా, మీట్ అంటే కలవడమా మాంసమా, ఇలాంటివి ఉన్నాయి అందులో. ఈ తప్పు చేసిన పిల్లవాణ్ని నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్కణ్నీ చూడలేదు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలు దాన్ని ముందు చెవితో నేర్చుకుంటారు కాబట్టి ఒకేలా వినబడే మాటల దగ్గర చెయ్యి జారుతుంది. మనవాళ్లు స్పెల్లింగ్ బట్టీ పట్టి కంటితో నేర్చుకుంటారు. మన తప్పులు ఎక్కువగా ఇంకో దారిలో వస్తాయి. ఆ దారి తెలుగులో ఉంది, దాని గురించే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా దుకాణం బోర్డు మీద స్టేషనరీ అన్న మాటలో చివరి 'ఆర్'కు ముందు 'ఈ' ఉండాలి, పదకొండేళ్లు 'ఏ' ఉంది. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు పదో తరగతి పాప రికార్డ్ షీట్లకు వచ్చి, చిల్లర ఇచ్చేలోపు బోర్డు వైపు చూసి, "అంకుల్, మీ దుకాణం నడుస్తలేదా ఏంది?" అంది. గిరాకీ లేదని ఎగతాళి చేస్తోందనుకుని "మంచిగనే నడుస్తుంది బిడ్డా" అన్నాను. "అది కాదంకుల్, ఏ పెడితే కదలకుండ ఆగిపోయిందని అర్థం, ఈ పెడితేనే పెన్నులు, కాగితాలు" అంది. నాకు చెమటలు పట్టాయి. ఊళ్లో వాళ్ల ఫ్లెక్సీలు దిద్దే మనిషిని మరి!

ఆ తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే. పాతకాలం యూరప్‌లో పుస్తకాలు, కాగితాలు అమ్మేవాళ్లు చాలామంది తిరిగి అమ్ముకునేవాళ్లు, ఒకచోట స్థిరంగా దుకాణం పెట్టుకున్నవాడు స్టేషనర్. లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే ఏర్పడింది, 1557లో రాజముద్రతో అధికార పత్రం కూడా వచ్చింది. అంటే కదలని దుకాణంలో అమ్మే సరుకే స్టేషనరీ, ఆ లెక్కన పాప వేసిన జోకు చరిత్ర ప్రకారం కూడా కరెక్టే. గుర్తుకు మన దారి ఒకటి చెప్తాను. 'ఆగు' అని వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టండి, ఏతోనే మొదలవుతుంది. కాజీపేట జంక్షన్‌లో సిగ్నల్ కోసం ఆగి ఉన్న గూడ్స్ బండికి ఏ, ఎన్వలప్ దొరికే దుకాణానికి ఈ.

అసలు చిక్కు నోటి దగ్గర ఉంది. ఇంగ్లిష్‌లో ఎస్ బుస కొడుతుంది, జెడ్ తేనెటీగలా మోగుతుంది. తెలుగులో ఆ మోగే శబ్దం లేదు, దగ్గరలో ఉన్న 'జ'తో సర్దుకుంటాం. సర్దుకోవడం వరకు బాగానే ఉంది, కానీ కొన్నిచోట్ల తలకిందులు చేసుకున్నాం. చొక్కా లూజు అంటాం, లూజ్ మోషన్స్ అంటాం, తలకాయ సరిగ్గా లేనివాణ్ని లూజుగాడు అంటాం. ఇంగ్లిష్‌లో వదులుగా ఉండటం లూజ్ కాదు, లూస్, చివర బుస కొట్టాలి, రెండు ఓలు రాయాలి. చివర మోగే లూజ్ అంటే పోగొట్టుకోవడం, దానికి ఓ ఒక్కటే. మనం మొదటిదాన్ని రెండోదానిలా పలికి పలికి, రాసేటప్పుడు రెండోదానికి మొదటిదాని స్పెల్లింగ్ వేస్తున్నాం. మొన్న ఒక జిమ్ వాళ్లు నెలరోజుల్లో బరువు తగ్గండి అని ఫ్లెక్స్ చేయించుకున్నారు. ఇంగ్లిష్‌లో రెండు ఓలు పెట్టి పంపారు. అంటే బరువు తగ్గదు, వదులై వేలాడుతుంది! చెప్తే ఓనర్ నవ్వి, "ఉండనియ్యన్నా, అందరికీ అర్థమైతది" అన్నాడు. అర్థమవుతుంది, కాదనను. కానీ ఆ బోర్డు కింద నుంచి రోజూ బడికి పోయే పిల్ల అదే స్పెల్లింగ్ నేర్చుకుంటుంది.

బతుకమ్మ పోటీల సర్టిఫికెట్లూ అంతే. ఏటా సద్దుల ముందు, పద్మాక్షి గుట్ట దగ్గర సందడి మొదలయ్యేసరికి, కాలనీ సంఘాల వాళ్లు మ్యాటర్ తెస్తారు, పదింట్లో ఐదింట్లో ఫస్ట్ 'ప్రైస్' అని సీతో ఉంటుంది. అది ధర, బహుమతికి జెడ్ ఉండాలి. మొదటి ధర గెలుచుకున్న అక్కయ్యల సర్టిఫికెట్లు ఎన్ని ఇళ్లలో ఫ్రేములు కట్టి ఉన్నాయో, అందులో నేను ప్రింట్ చేసినవి ఎన్నో.

ఈ బుస, మోత సంగతి తెలిస్తే ఇంకో తాళం తెరుచుకుంటుంది. అడ్వైస్ అంటే సలహా, బుస, సీ. అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, మోత, ఎస్. ఎక్స్‌క్యూజ్, యూజ్, హౌజ్ కూడా వస్తువో విషయమో అయితే చివర బుస కొడతాయి, పని అయితే మోగుతాయి, స్పెల్లింగ్ మారకపోయినా సరే. ఇది చెవికి పట్టిందంటే చాలు. ప్రాక్టీస్, లైసెన్స్ దగ్గర మాత్రం శబ్దం ఒకటే, తేడా కాగితం మీదే. బ్రిటిష్ పద్ధతిలో పేరుగా వాడితే సీ, పనిగా వాడితే ఎస్. మీ జేబులో డ్రైవింగ్ లైసెన్స్ తీసి చూడండి, చివర సీ ఉంటుంది. అమెరికా వాళ్లు లైసెన్స్‌కు రెండు చోట్లా ఎస్, ప్రాక్టీస్‌కు రెండు చోట్లా సీ రాస్తారు. కంప్యూటర్ అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే మన లైసెన్స్ కింద ఎర్ర గీత పడుతుంది, పిల్లలు టెన్షన్ పడి మంచిదాన్ని మార్చేస్తారు. అదే లూస్, లూజ్ తారుమారైతే చాలాసార్లు ఏ గీతా పడదు, రెండూ సరైన మాటలే కాబట్టి. స్పెల్‌చెక్ ఉంది కదా అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

రెండో దారి, తెలుగులో ఒక మాటతో గడిచిపోయేది ఇంగ్లిష్‌లో రెండు మాటలు కావడం. అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం, మనకు మాట ఒకటే, వెనక క్రియ మారుతుంది. వాళ్లకు ఇస్తే లెండ్, తీసుకుంటే బారో. అందుకే "సార్, మీ పెన్ నాకు బారో చేయండి" అని పిల్లలు అంటే నాకు నవ్వు రాదు, వాళ్లు తెలుగులో కరెక్టుగానే ఆలోచిస్తున్నారు. చూడటానికి సీ, లుక్, వాచ్. వినడానికి హియర్, లిజన్. వీటి మీద మీ లిస్టులో ఒక్క లైనూ లేదు.

అప్పు అంటే అసలు, వడ్డీ గుర్తొచ్చాయి, అసలు అంటే ఇంకో మాట గుర్తొచ్చింది. ప్రిన్సిపల్ అన్న మాటను తప్పు చివరతో రాసి, ఒక ప్రైవేట్ బడి వార్షికోత్సవానికి పదడుగులకు ఆరడుగుల ఫ్లెక్స్ వేశాం. మ్యాటర్ వాళ్లదే, ప్రూఫ్ వాట్సాప్‌లో పంపితే 'ఓకే' అన్నదీ వాళ్లే, ఐలెట్లు కొట్టి అప్పజెప్పాక మాత్రం డబ్బులియ్యం అన్నారు. ఎల్, ఈతో ముగిస్తే నియమం, సిద్ధాంతం. ఏ, ఎల్‌తో ముగిస్తే ముఖ్యమైనది. బడికి ముఖ్యమైన మనిషికీ, బ్యాంకులో వడ్డీ కాకుండా కట్టాల్సిన అసలుకూ ఒకే స్పెల్లింగ్. 'అసలు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి: ఏ, ఎస్, ఏ, ఎల్, యు. ఏ, ఎల్ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ రోజు ఇది తెలిసుంటే నా ఏడెనిమిది వందలు మిగిలేవి.

కౌన్సెలింగ్ సీజన్లో అయితే చెప్పనక్కర్లేదు. మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ జరిపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది, అయినా సర్టిఫికెట్లు స్కాన్ చేయించుకోవడానికి వచ్చే పది ఫైళ్ల మీద పది రకాల స్పెల్లింగులు. కౌన్సెల్, అంటే సలహా అయితే మధ్యలో ఎస్. కౌన్సిల్, అంటే సభ అయితే సీ. ఎమ్మెల్సీ చివర ఉన్న సీ ఆ కౌన్సిలే. పట్టభద్రుల ఎన్నికలప్పుడు ఈ ముక్క బాగా పనికొచ్చింది నాకు.

అఫెక్ట్, ఎఫెక్ట్ గురించి మీరు ఒకటి పేరు, ఒకటి క్రియ అని రాసి వదిలేశారు. తెలుగులో పెట్టి చూడటం తేలిక. వానల ప్రభావం ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర మీద పడింది. ఇందులో 'ప్రభావం' ఒక్కదానికి బదులు పెట్టేది ఎఫెక్ట్, ఈతో. 'ప్రభావం పడింది' మొత్తానికి కలిపి ఒకే మాట కావాలంటే అఫెక్ట్, ఏతో. నూటికి తొంభైసార్లు ఇది చాలు. మిగిలినవాటిలో నేను దెబ్బతిన్నాను. ఒక వకీలు సాబ్ పిటిషన్ టైపింగ్‌కు ఇస్తే, మార్పులు 'ఎఫెక్ట్' చేయాలని ఉంది, క్రియ కదా అని నేను తెలివిగా ఏ పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి కాగితం టేబుల్ మీద పెట్టి, "నిన్ను టైప్ చెయ్యమన్ననా, వాదించమన్ననా?" అన్నాడు. ఈతో రాసి క్రియగా వాడితే మార్పును తీసుకురావడం, అమలు చేయడం అని అర్థమట. ఆ రోజు నుంచి వకీళ్ల మ్యాటర్లో అక్షరం ముట్టుకోను.

మన రాష్ట్రంలో 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పిల్లల పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటున్నాయి. ఇంట్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లు లేని పిల్లలే వాళ్లలో ఎక్కువ. మీ పేజీని కత్తిరించి దాచుకునేదీ వాళ్లే. యాభై జంటలు ఒకేసారి కుమ్మరించకండి. వారానికి ఒక్క జంట తీసుకోండి, అక్కడ తెలుగు నోరు ఎందుకు తడబడుతుందో, తెలుగులో దాన్ని ఎలా పట్టుకోవాలో రాయండి. రాసేవాళ్లు దొరకకపోతే ఊళ్లలో ఇంగ్లిష్ సార్లు, మేడమ్‌లు ఉన్నారు, వాళ్లను అడగండి, నాకంటే వంద రెట్లు బాగా చెప్తారు.

ఇంకో చిన్న మాట, కోపం తెచ్చుకోకండి. మీ పేజీ కిందే చందాదారులకు ఉచిత బహుమతి అని ప్రకటన ఉంది. అందులో కాంప్లిమెంటరీ అన్న మాట మధ్యలో ఈ పడింది. ఈ పడితే జతకు సరిపోయి లోటు పూడ్చేది అని అర్థం. ఉచితంగా ఇచ్చేదానికీ, మెచ్చుకోలుకూ ఐ ఉండాలి. 'ఇనాం'లో ఐ అని గుర్తుపెట్టుకుంటే సరి.

మా బోర్డు సంగతి అడుగుతారేమో. ఏ మీద ఈ స్టిక్కర్ కోసి అంటించాను. పాత ఎరుపు ఎండకు వెలిసిపోయింది కదా, ఆ ఒక్క అక్షరం మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంది. దారిన పోయేవాళ్లు ముందు దాన్నే చదువుతున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక డీటీపీ దుకాణందారు, హన్మకొండ