మా కథలోంచి దయ్యాన్ని తీసేయించినవాళ్లకి

నిన్న రాత్రి మా షార్ట్ ఫిలిం ఫైనల్ మిక్స్ చేతికొచ్చింది. పానిక్ అటాక్ మీద, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్రమైన భయం మీద తీసిన 18 నిమిషాల సినిమా, రెండేళ్ల పని. పడుకునే ముందు ఒక్కసారి చూద్దామని కూర్చున్నాను. ఎండ్ టైటిల్స్‌లో ఒక్కో పేరు రెప్పపాటులో పైకి వెళ్లిపోతుంటే మనసొప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. తమ పేర్లు బయటపెట్టొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వాళ్లకి తెలిసిపోతుంది.

మొదట రాసుకున్న స్క్రిప్ట్‌లో దయ్యం ఉండేది. ఒంటరిగా ఉండే అమ్మాయి, అర్ధరాత్రి ఉన్నట్టుండి మెలకువ, గుండె దడ, గదిలో ఇంకెవరో ఉన్నారన్న అనుమానం, చివర్లో మంచం కింద నుంచి అది బయటికి రావడం. ఆ రాత్రులన్నీ నావే. దయ్యమొక్కటే కల్పన.

స్క్రిప్ట్ చదివి పెట్టిన క్లినికల్ సైకాలజిస్ట్ అక్క పేజీలు మూసి ఒకటే అడిగింది: "దయ్యం కనిపించగానే చూసేవాళ్లకి ఊరటే కదా? ఓహో, కారణం ఇదన్నమాట అనుకుంటారు. నీకెప్పుడైనా ఆ ఊరట దొరికిందా?" దొరకలేదు. అమ్మాయి కత్తి పట్టుకునే సీన్ గురించి ఇంకాస్త గట్టిగానే అంది. "భయపడుతున్నది ఆమె. మరి ఆమెని చూసి జనం భయపడాలని ఎందుకు రాశావు?" ఆ రాత్రే రెండూ కొట్టేశాను. అక్కా, ఈ సినిమాకి ప్రాణం పోసింది నువ్వే.

పానిక్ అటాక్ ఎలా నడుస్తుందో కూడా తనే విడమరిచి చెప్పింది. నిజమైన ప్రమాదం ఎదురైనట్టే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది. ఊపిరి వేగం పెరిగేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లూ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. అది చూసి ఇక గుండె ఆగిపోతోందని మనిషి ఇంకా బెదిరిపోతాడు. చాలామందికి పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి మెల్లగా దిగుతుంది. అలాగని మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే అదేలే అనుకోకూడదు, డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే అని ఆరోజు మూడుసార్లు చెప్పింది.

ప్రధాన పాత్ర చేసిన చెల్లెమ్మకి ముందుగా క్షమాపణ, తర్వాతే కృతజ్ఞత. రిహార్సల్లో తను నిజంగానే వేగంగా ఊపిరి తీస్తూ పోయింది. వేళ్లు కొంకర్లు పోతుంటే అద్భుతంగా చేస్తోందనుకుని నేను కెమెరా ఆపలేదు. అక్కే అడ్డం వెళ్లి ఆపించింది. ఆ తర్వాత షూటింగ్‌లో భుజాలు, మెడ మాత్రమే కదిలించి నటించాలని పద్ధతి పెట్టుకున్నాం. ఊపిరి చప్పుడు విడిగా రికార్డు చేశాం. సౌండ్ చేసిన తమ్ముడు బట్టలు నిండుగా వేలాడే బీరువా తలుపులు తీసి, ప్రతిధ్వని రాకుండా మైకుని ఆ బట్టల మధ్యే పెట్టాడు. పది సెకన్లు రికార్డింగ్, ఆపడం, మంచినీళ్లు, మళ్లీ పది సెకన్లు. ఓ మధ్యాహ్నమంతా అదే పని. సినిమా మొదటి నుంచీ వినీ వినిపించనట్టుండే ఫ్రిజ్ మోత ఒకచోట టక్కున ఆగిపోతుంది చూడండి, అదీ వాడి ఆలోచనే. అక్కడ తెరమీద ఏమీ ఉండదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగు రాత్రులు ఇల్లు మాకొదిలేసి బంధువులింట్లో పడుకున్న దంపతులకి, సగంలో డబ్బులైపోతే లెక్కలడక్కుండా పంపిన మిత్రులకి నమస్కారాలు.

ఇక ఎడిటర్ అన్న. ఆ పానిక్ అటాక్ సీన్ ఎడిట్ చేస్తున్న రాత్రి నాకే అటాక్ వచ్చింది. ధైర్యంగా ఉండు, ఏం కాదు అంటాడేమోననుకున్నాను. అనలేదు. మానిటర్ ఆపేసి, వచ్చి నేలమీద నా పక్కన కూర్చుని, తనే నెమ్మదిగా ఊపిరి వదులుతూ పైకి లెక్కపెట్టాడు. నేను ఎప్పుడందుకున్నానో నాకే తెలీదు. తేరుకున్నాక అడిగాడు: "రేపు డాక్టర్ దగ్గరికి నేనూ రానా?"

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ఆందోళన సమస్యలున్నవాళ్లు 30 కోట్ల పైమాటే. చికిత్స అవసరమైన నలుగురిలో దాదాపు ఒక్కరికే అది అందుతోంది. ఈ లెక్కలు చదివి, దీని మీదే సినిమా తీస్తూ కూడా, అప్పటిదాకా నేను ఏ డాక్టర్ గడపా తొక్కలేదు.

ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బయట కుర్చీలో నువ్వే ఉన్నావన్నా. టైటిల్స్‌లో నీ పేరు పక్కన 'ఎడిటింగ్' అని ఒక్క మాటే పడింది. మిగతాది ఇక్కడ రాసి పెడుతున్నాను.