అనంతగిరి శిబిరానికి టార్పాలిన్ ఎంపిక, వాడకం

సభ్యులందరికీ నమస్కారం. ఈ వానాకాలంలో అనంతగిరి కొండల్లో గుడారానికి బదులు టార్పాలిన్ కింద పడుకోదలచినవారు దయచేసి ఈ విషయాలు గమనించండి.

ఇద్దరికి 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల పట్టా సరిపోతుంది. రైతులు ధాన్యంపై కప్పే ప్లాస్టిక్ పట్టా చవక, గట్టిది కూడా, కానీ వీపున మోసుకుని నడిచేవారికి అది బరువు. అటువంటివారికి సిలికాన్ పూత గల నైలాన్ లేదా పాలిస్టర్ మేలు. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవలసి వస్తుంది కనుక నేను పాలిస్టర్‌నే ఎంచుకుంటాను.

రెండు చెట్ల మధ్య తాడు బిగించి, దానిపై పట్టాను ఇరుపక్కలా వాలుగా దించి, గాలి వచ్చే వైపు అంచును నేలకు దాదాపు ఆనేలా మేకులతో కట్టండి. ఎక్కడా పల్లం ఉండకూడదు. అక్కడ నీరు నిలిచి, ఆ బరువుకు ఐలెట్లు (అంచుల్లో తాడు కట్టే రంధ్రాలు) చిరుగుతాయి. చెట్టు నుంచి తాడు వెంట పారే నీరు లోపలికి రాకుండా, పట్టాకు కాస్త ముందు ఒక చిన్న దారం ముక్క కట్టి వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది. ఇది చాలామంది మరిచిపోతారు. కింద పరిచే పట్టా అంచులు పైకప్పు దాటి బయటికి రాకూడదు. వస్తే వాననీరంతా పడక కిందికే చేరుతుంది.

ఎండుకొమ్మలున్న చెట్టు కింద కట్టవద్దు. పట్టా కింద పొయ్యి వెలిగించవద్దని అందరినీ ప్రత్యేకంగా కోరుతున్నాను.