మనవడి బొద్దుతనం, వాడి చెవి

పర్లాకిమిడి

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం చేరి ఇరవై రోజులు దాటింది. మా మనవడి చెవి వ్యవహారం ఒక కొలిక్కి వచ్చాక వివరంగా రాద్దామని జవాబు ఆపాను. నీ మనవరాలికీ తరచూ చెవిపోటు వస్తోందని రాశావు కాబట్టి, ఈ సంగతంతా నీకు పనికివస్తుందనే అనుకుంటున్నాను.

వాడికి ఆరేళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చెప్పేది ఒడియా. పాఠం చెబుతుంటే పరధ్యానంగా ఉంటున్నాడని ఏడాదిగా కబుర్లు వస్తున్నా, భాష ఇంకా పట్టుబడలేదులే అని మేము సరిపెట్టుకున్నాం. ఈ ఊళ్లో మనమందరమూ అలా రెండు భాషల మధ్య తడబడి పెరిగినవాళ్లమే కదా! చివరికి ఒకనాడు మా ఆవిడ వెనకనుంచి తెలుగులోనే మూడుసార్లు పిలిచినా వాడు తిరిగి చూడకపోయేసరికి, ఇది ఒడియా సమస్య కాదని నాకు అర్థమైంది. బరంపురం తీసుకువెళ్లి చెవుల డాక్టరుకు చూపించాం.

రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు నిలిచి ఉందట. నొప్పి లేదు, జ్వరం లేదు, చీము కారడం లేదు, అందుకే ఎవరమూ పసిగట్టలేకపోయాం. ఇటువంటి నీరు వల్ల సాధారణంగా 20 నుంచి 30 డెసిబెల్స్ వినికిడి తగ్గుతుందని ఆయన చెప్పారు. చెవిలో వేలు పెట్టుకుని పాఠం వింటే ఎలా ఉంటుందో ఊహించుకో. ముక్కు వెనక భాగం నుంచి మధ్యచెవికి గాలి చేరవేసే యుస్టేషియన్ నాళం పెద్దవాళ్లలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుతో ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో అందులో సగం పొడవే ఉండి దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి, జలుబు చేసినా ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే మెత్తని కండలు పెరిగినా అది ఇట్టే మూసుకుపోయి లోపల నీరు చేరుతుంది.

ఆ తరువాత ఆయన వాడిని బరువు తూచారు. ముప్పై కిలోలు! ఆ వయసు మగపిల్లలు సగటున 20 కిలోల చిల్లర ఉంటారట. బొద్దుగా ఉన్నాడని మురిసి దిష్టి తీసిన చేతులు మావే కాబట్టి నేను తలవంచుకుని, ఈ బరువుకూ చెవికీ సంబంధం ఉందా అని అడిగాను. ఉండవచ్చు గాని తేలిన విషయం కాదన్నారు. 2007లో కొరియా వైద్యులు చెవిలో నీరు చేరిన పిల్లలను, చేరని పిల్లలను పోల్చి చూస్తే, మొదటివాళ్లలోనే స్థూలత్వం ఎక్కువగా కనబడిందట. నాళం చుట్టూ కొవ్వు పేరుకోవడం, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం, స్థూలకాయంతో ఒంట్లో వచ్చే స్వల్పమైన వాపు గుణం కారణాలు కావచ్చని ఊహ.

నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం దీనికి తలకిందులుగా ఉన్న వాదన. నాలుక ముందు భాగం రుచులను మోసే నరం మధ్యచెవి గుండా, కర్ణభేరిని ఆనుకుని పోతుంది. చిన్నతనంలో పదే పదే చెవి చెడితే ఆ నరం దెబ్బతిని రుచి మారుతుందనీ, అలాంటివారు కొవ్వు పదార్థాలవైపు మొగ్గి బరువు పెరిగే అవకాశం ఉందనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా బార్టోషుక్ 2008లో ప్రతిపాదించారు. అంటే బరువు వల్ల చెవి చెడిందో, చెవి వల్ల బరువు పెరిగిందో మా వాడి విషయంలో ఎవరూ చెప్పలేరు. అందుకే, “తిండిపోతు కాబట్టే చెవుడు వచ్చింది” అన్న బంధువును నేను గట్టిగానే వారించాను.

పోనీ కొవ్వు అసలు లేకపోతే మేలా అంటే అదీ కాదు. కాలేజీ రోజుల్లో టైఫాయిడ్‌తో చిక్కిపోయినప్పుడు నీ గొంతు నీకే బుర్రలో డప్పులా మోగుతోందని అనేవాడివి, గుర్తుందా? నాళం పక్కనున్న చిన్న కొవ్వు మెత్త బరువుతో పాటే కరిగిపోతే నాళం మూసుకోక అలా వినిపిస్తుందట. నలభై ఏళ్లకు నీ జబ్బు నాకు అర్థమైంది! మన సంతకు కొండల నుంచి దిగివచ్చే తల్లుల చంకల్లో సన్నని పిల్లల చెవులు కారుతుండడం నువ్వూ చూసే ఉంటావు. పోషణ చాలని పిల్లలకు అంటువ్యాధులు త్వరగా సోకుతాయి, వైద్యం అందకపోతే కర్ణభేరికి చిల్లుపడి చీము ఏళ్ల తరబడి కారుతుంది. కట్టెపొయ్యి పొగ దానికి తోడు. సాంబ్రాణి పొగ పట్టడం, వెల్లుల్లి నూనె చెవిలో పోయడం, పడుకోబెట్టి సీసాపాలు పట్టడం మన ఇళ్లలో ఉన్నవే, అవన్నీ మానమన్నారు.

ఈ నీరు చాలామంది పిల్లల్లో దానంతట అదే ఇంకిపోతుంది కాబట్టి మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు. తగ్గకపోతే కర్ణభేరికి గ్రోమెట్ అనే సన్నని గొట్టం అమర్చడం గురించి ఆలోచిస్తారు. వాడిని పస్తు పెట్టవద్దనీ, బరువు ఇక పెరగకుండా ఉంటే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుందనీ చెప్పారు. బడిలో ముందు బెంచీకి మార్చారు, సాయంత్రాలు జంతికల డబ్బా బదులు మహేంద్రతనయ నది గట్టు దాకా నడక సాగుతోంది. నిన్న బడి నుంచి వచ్చి ఒడియా పద్యం నాలుగు పాదాలూ అప్పజెప్పాడు.

నీ మనవరాలికి టింపానోగ్రామ్ తీయించు, కర్ణభేరి ఎంత బాగా కదులుతోందో గీతగా చూపే నొప్పి లేని పరీక్ష అది, అయిదు నిమిషాలు కూడా పట్టదు. గీత మామూలుగా గుట్టలా లేచిందో, లోపల నీరున్నప్పటిలా చదునుగా ఉందో చూసి నాకు వెంటనే రాయి.

నీ
మిత్రుడు