బుడమేరు మా ఇల్లు ముంచినప్పుడు మమ్మల్ని నిలబెట్టినవాళ్ళకు వందనాలు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు.

విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లో నా కుట్టు మిషన్ మళ్ళీ తిరుగుతోంది. క్రిస్మస్ బట్టలకు కొలతలు తీసుకుంటున్నాను. చేతికి పని దొరికింది కాబట్టి ముందు చెప్పాల్సినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. చాలామంది రాయొద్దన్నారు, కొంతమంది పేర్లు నాకే తెలియవు. చదివితే ఎవరి గురించో వాళ్ళకే అర్థమవుతుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. నెలలో మొదటి ఆదివారం గనుక మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. పొద్దున్నే తయారవుతుంటే వీధిలోకి నీళ్ళొచ్చాయి. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయని అప్పటికి మాకు తెలియదు. చూస్తుండగానే మంచం మునిగింది, ఫ్రిజ్ తేలింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎప్పుడూ రాలేదట. నది అలా ఉంటే మా నీళ్ళు ఎటు పోతాయి? సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, అన్నీ చెరువులైపోయాయి.

మొదటి వందనం మా పై వాటా ముస్లిం కుటుంబానికి. మేం అడగకముందే ఆ అక్క మెట్లు దిగి వచ్చి, మా అత్తయ్యను చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. ఉన్న ఒక్క గ్యాస్ బండ మీద రెండు ఇళ్ళకూ వంట చేసింది. కరెంటు లేదు, కుళాయి లేదు, డాబా మీద గిన్నెలు పెట్టి వాన నీళ్ళు పట్టుకున్నాం. అత్తయ్యకు షుగర్. ఫ్రిజ్ పోయింది కాబట్టి ఆ అక్క ఇన్సులిన్ సీసాను మట్టికుండలో పెట్టి, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, అది ఆరకుండా గంటగంటకూ తడిపేది. తన పిల్లలకు కూడా ఆ డ్యూటీ వేసింది. ఈ ఒక్క సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను.

రెండోది మా చర్చి యవ్వనస్థులకు. ఫ్లైఓవర్ దగ్గర నుంచి లారీ ట్యూబుల మీద పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు తోసుకుంటూ ఛాతీ లోతు నీళ్ళలో నడిచి వచ్చారు. మా ఒక్క ఇంటికే ఇచ్చి వెళ్ళలేదు, వీధి చివరిదాకా ఇచ్చుకుంటూ వెళ్ళారు. పడవలు నడిపిన జాలరి అన్నలకు, కట్ట మీద నిలబడి గండ్లు పూడ్చిన ఇరిగేషన్ వాళ్ళకు, సైనికులకు కూడా చేతులెత్తి నమస్కారం.

ఇక మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆమెది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో కన్నవాళ్ళనూ తోబుట్టువులనూ పోగొట్టుకుంది. బుడమేరు వరద వచ్చిన రాత్రి డాబా మీద చీకట్లో చుట్టూ నీళ్ళ చప్పుడు వింటూ నేను వణికిపోతుంటే ఆమె పాత కీర్తన ఒకటి మెల్లగా పాడుకుంటూ కూర్చుంది. భయం వేయట్లేదా అత్తయ్యా అని అడిగితే, "వేస్తోంది అమ్మా. ఆయన ఉన్నాడని కూడా తెలుసు" అంది. ఇంకేం చెప్పలేదు. భయం లేనట్టు నటించి ఉంటే ఆమె మాట నేను నమ్మేదాన్ని కాదేమో.

తర్వాత కొంతమంది నన్ను అడిగారు, ఇంత ప్రార్థన చేస్తారు కదా, మీ దేవుడు నీళ్ళెందుకు ఆపలేదని. అడిగినవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆ ప్రశ్న నాకూ వచ్చింది. బైబిల్లో యెషయా 43లో "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును" అని ఉంది. జలాలు రావని అక్కడ లేదు. మన గోడల మీద కొత్త సంవత్సరం క్యాలెండర్‌లో ఎక్కువగా కనబడే వాగ్దానం యిర్మియా 29:11, మీ విషయంలో నా ఉద్దేశం మేలే గాని కీడు కాదని దేవుడు చెప్పే వచనం. దాన్ని ప్రవక్త రాసింది ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బబులోనుకు బందీలుగా తీసుకుపోబడిన జనానికి. వచ్చే నెలలో ఇంటికి వెళ్తారని చెప్పలేదు. 70 సంవత్సరాలు పడుతుందని చెప్పి, ఈలోగా అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. ఇంతకాలం ఆ వచనాన్ని ఒక్క ముక్కగా చదివాను. ఈ ఏడాది అధ్యాయం మొత్తం కూర్చుని చదివాను. నా నిరీక్షణ, అంటే దేవుని మీద నేను పెట్టుకున్న ఆశ, నీళ్ళు తగ్గడం మీద ఆధారపడి ఉంటే వచ్చే వానాకాలానికి అది కూడా మునిగిపోతుంది. సిలువ వేయబడి తిరిగి లేచిన యేసు మీద ఆధారపడింది గనుకే దివిసీమ నుంచి సింగ్ నగర్ దాకా అత్తయ్యతో వచ్చింది, ఇప్పుడు నా దగ్గరికీ వచ్చింది.

నీళ్ళు తీశాక అసలు కష్టం మొదలైంది. మోకాలి లోతు బురద, కంపు. ఫైరింజన్లతో ఇళ్ళు కడిగిన సిబ్బందికి, వేరే ఊళ్ళ నుంచి వచ్చి మా కాలవల్లో దిగి పని చేసిన పారిశుద్ధ్య కార్మికులకు వందనాలు. మునిగిన కింది వాటాకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు మంచాలకు, స్టవ్‌కు, పిల్లల పుస్తకాలకు సరిపోయాయి. మా ఆయన ఆటో రిపేరు ఖర్చు చర్చి స్త్రీల సమాజం అక్కలు భరించారు. వాళ్ళలో ముగ్గురి ఇళ్ళు కూడా మునిగాయని నాకు తర్వాత తెలిసింది.

నా దగ్గర జాకెట్లు కుట్టడానికి ఇచ్చిన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్ళి పట్టుబట్టలు కూడా బురదలో పోయాయి. ఒక్కరు కూడా డబ్బు అడగలేదు. ఒక పెద్దావిడ అయితే కొత్త గుడ్డ తెచ్చి, "ఇదే ముందు కుట్టు, నీకు బోణీ" అని కూలి ముందే చేతిలో పెట్టారు.

మిషన్ బాగుచేసిన మెకానిక్ అన్నయ్యది గుంటూరు. తుప్పు పట్టిన భాగాలన్నీ విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, మోటార్ మార్చి, రోజంతా కూర్చుని నడిపించి చూశాకే లేచారు. కూలి తీసుకోలేదు.

ఆయన డిసెంబరులో ప్రతి ఆదివారం మా చర్చికి వస్తానన్నారు. కండ్రికలో, పాయకాపురంలో మిషన్లు ఇంకా మూలపడి ఉన్న అక్కలు ఆరాధన అయ్యాక అక్కడికి తెచ్చుకోండి. ఏ మతం వాళ్ళైనా రావచ్చు. కూలి వద్దన్నారు, మార్చాల్సిన సామాన్ల ఖర్చు మాత్రం పెట్టుకోవాలి. అదీ కష్టమైతే నాకు చెప్పండి, స్త్రీల సమాజం వాళ్ళతో మాట్లాడతాను.