ఉప్పు మడుల దాకా నడిచొచ్చిన నర్సమ్మకు

2004లో పల్స్ పోలియో ఆదివారం నాడు మా బాబుకు ఒళ్లు కాలిపోతోంది. జ్వరంలో చుక్కలు వద్దని మా అత్త పట్టుబట్టింది. నాకేమో ఒకటే టెన్షన్. పోలియో వచ్చిన మా అక్క ఇప్పటికీ మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తుంది.

సోమవారం జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇంటికి తాళం వేసి, పిల్లాణ్ణి చంకనేసుకుని ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనికి వెళ్లాం. మధ్యాహ్నం చూస్తే మీరు! చెప్పులు ఒక చేతిలో, ఐస్ డబ్బా భుజాన, జారే గట్టు మీద ఒక్కో అడుగే వేస్తూ వస్తున్నారు. మా తలుపు మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి, "ఈ ఇంటి పిల్లోడు ఎక్కడ?" అని వీధంతా అడిగి వచ్చారట.

మా అత్తను ఒక్క మాట అనలేదు. ఆమె పక్కనే కూర్చుని, బాబు నుదురు తాకి, "ఈపాటి జ్వరానికి చుక్కలు ఆపక్కర్లేదు పెద్దమ్మా" అన్నారు. చివరికి మా అత్తే వాడి బుగ్గలు నొక్కి నోరు తెరిపించింది. రెండు చుక్కలు. ఎడమ చిటికెన వేలి గోటి మీద నల్ల గీత. మజ్జిగ తాగి, ఇంకా నాలుగు ఇళ్లున్నాయంటూ లేచారు. పేరు అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంది.

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో, బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చి 27న మనకు పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ వార్త విని మా అక్క ఏడ్చింది. నాకు ఉప్పునీళ్లలో తడిసిన మీ పాదాలు గుర్తొచ్చాయి.

బాబుకు కావలిలో ఉద్యోగం వచ్చింది నర్సమ్మా. రోజూ బస్టాండు దాకా నడిచే వెళ్తాడు. మీకు నా దణ్ణాలు.